చిన్న రైల్వేల ఇంజన్ రంగులు – 4వ పాఠం: ప్యాచ్ కింద పాత పేరు

పోయిన పాఠంలో జెనెసీ అండ్ వయోమింగ్ వాళ్ల నారింజ, నలుపు రంగులు చూశాం. ఆ సంస్థ కింద ఉన్న చిన్న లైన్లలో చాలావాటికి అదే యూనిఫాం కాబట్టి గుర్తుపట్టడం తేలిక. ఈసారి సొంత రంగు పడని ఇంజన్‌ను చదవడం నేర్చుకుందాం.

అమెరికాలో 1980లో స్టాగర్స్ చట్టం వచ్చాక, పెద్ద రైల్వేలకు లాభం లేని బ్రాంచి లైన్లను వదిలించుకోవడం సులువైంది. వాటిని తీసుకున్న షార్ట్ లైన్లు, అంటే చిన్న రైల్వేలు, ఎక్కువగా సెకండ్ హ్యాండ్ డీజిల్ ఇంజన్లే కొన్నాయి. ఇంజన్ మొత్తానికి రంగు వేయించాలంటే డబ్బుతో పాటు, దాన్ని రోజుల తరబడి పని మానిపించి నిలబెట్టాలి. ఉన్నదే మూడో నాలుగో ఇంజన్లయితే ఆ నష్టం చాలా పెద్దది. అందుకే పాత పేరు మీద మాత్రం రంగు కొట్టి, కొత్త అక్షరాలు, నంబరు వేసి పనిలోకి పంపేస్తారు. దీన్నే ప్యాచ్ అంటారు. నాకు నిగనిగలాడే కొత్త రంగుల కంటే ఈ ప్యాచ్‌లంటేనే ఇష్టం. ఇంజన్ బతుకంతా వాటిలో కనిపిస్తుంది.

ముందు డ్రైవర్ ఉండే క్యాబ్ పక్కన, యజమానిని తెలిపే పొట్టి అక్షరాలు చదవండి. మన దగ్గర ఇంజన్ మీద కాజీపేట, గుత్తి అని షెడ్డు పేరు వెతుక్కుంటాం కదా, అలాగే. చివరి అక్షరం ఎక్స్ అయితే అది రైల్వేది కాదు, అద్దెకిచ్చే కంపెనీ లాంటి వాళ్లది.

తర్వాత ఒంటి రంగు. ఆకుపచ్చ, నలుపు అయితే 1970లో పుట్టిన బర్లింగ్టన్ నార్తర్న్‌ను అనుమానించండి. బూడిద రంగు ఒళ్లు, ఎర్ర ముక్కు ఉంటే 1996లో యూనియన్ పసిఫిక్ చేతికి వెళ్లిన సదరన్ పసిఫిక్. ఆ ఎరుపు ఎండకు వెలిసి గులాబీలా కనిపించవచ్చు, కంగారు పడకండి. నీలం దగ్గరే తొందరపడకూడదు. ఒకప్పటి పెద్ద రైల్వే కాన్‌రైల్‌దీ నీలమే, షార్ట్ లైన్లు నడిపిన రైల్‌అమెరికా సంస్థ వాడిన రంగుల్లోనూ నీలం ఉంది.

అప్పుడు అసలు పరీక్ష. పొద్దున్నో సాయంత్రమో ఎండ ఏటవాలుగా పడేటప్పుడు ప్యాచ్‌ను చూడండి. పాత అక్షరాల అంచులు కొత్త రంగు కింద నుంచి సన్నగా ఉబ్బి కనిపిస్తాయి. తలుపుల కీళ్ల సందుల్లో, గ్రిల్ రేకుల వెనక పాత రంగు మిగిలే ఉంటుంది. ఒక్కోసారి రెండు పొరలు దొరుకుతాయి, అంటే మీ ఇంజన్‌కు ఇది మూడో ఇల్లు. నేనైతే ఈ సందుల దగ్గరే ఎక్కువసేపు ఆగుతాను. చివరి రుజువు బిల్డర్స్ ప్లేట్, అంటే తయారీ కంపెనీ బిగించిన చిన్న రేకు. రంగూ నంబరూ మారినా దాని మీది తయారీ సంఖ్య మారదు.

ఇదంతా రోడ్డు మీద నుంచో, లెవెల్ క్రాసింగ్ గేటు అవతల నుంచో జూమ్ చేసి చూడాలి. పట్టాల మీదకు, యార్డులోకి అడుగు పెట్టకండి.

అభ్యాసం: ప్యాచ్ ఉన్న ఇంజన్ ఫొటోలు మూడు తీసుకోండి. ఒక్కోదానికి ఇప్పటి యజమాని, ముందటి యజమాని, మీకు దొరికిన ఆధారం రాయండి. ఆధారం రంగు ఒక్కటే అయితే పక్కన ప్రశ్న గుర్తు పెట్టండి. 5వ పాఠం ఆ ప్రశ్న గుర్తుల దగ్గరే మొదలవుతుంది.