క్రీడా వ్యాఖ్యాత మాట అనుచితమనిపిస్తే ఏం చేయాలి

టీవీలో మ్యాచ్ చూస్తుండగా వ్యాఖ్యాత నోట అభ్యంతరకరమైన మాట వినబడితే, ముందుగా ఆ మాటను వెనకా ముందూ జరిగిన సంభాషణతో కలిపి మళ్లీ వినాలి. 2020 ఐపీఎల్‌లో కోహ్లీ విఫలమైన రోజున సునీల్ గవాస్కర్ హిందీ వ్యాఖ్యానంలో అనుష్కా శర్మ పేరు ప్రస్తావించడంతో దుమారం రేగింది. ఆమె బహిరంగంగానే అభ్యంతరం చెప్పారు. లాక్‌డౌన్‌లో ఆమె కోహ్లీకి బంతులు వేసిన వీడియో గురించే అన్నాను తప్ప ఆమెను నిందించలేదని గవాస్కర్ వివరణ ఇచ్చారు. అసలు ఆడియో వినకుండా, ఎవరో రాసిన ఒక్క వాక్యాన్ని నమ్మి ఇలాంటి వివాదంలో తీర్పు చెప్పకూడదు.

తర్వాత ఆ మాట ఆటను గురించినదా, ఆటగాడి మతం, జాతి, రంగు, లింగం వంటి వాటిని గురించినదా అన్నది తేల్చుకోవాలి. బ్యాటర్ ఫుట్‌వర్క్ బాగాలేదనడం ఎంత కటువుగా ఉన్నా విమర్శే అవుతుంది. 2006లో కొలంబో టెస్టులో క్యాచ్ పట్టిన దక్షిణాఫ్రికా ముస్లిం ఆటగాడు హషీమ్ ఆమ్లాను వ్యాఖ్యాత డీన్ జోన్స్ ఉగ్రవాది అనడం మాత్రం విమర్శ కాదు, ఒక మతాన్ని అవమానించడం. అది ప్రకటనల విరామమనుకొని అన్న మాటే అయినా, ఆయన క్షమాపణ చెప్పినా, ప్రసార సంస్థ ఆయనను తొలగించింది. నా దృష్టిలో అది న్యాయమైన నిర్ణయం. 2018లో మెల్‌బోర్న్‌లో మయాంక్ అగర్వాల్ తొలి టెస్టు ఆడుతుండగా, ఆయన రంజీ ట్రిపుల్ సెంచరీ రైల్వే క్యాంటీన్ సిబ్బంది మీద కొట్టినదని ఆస్ట్రేలియా వ్యాఖ్యాత కెర్రీ ఓకీఫ్ చేసిన ఎగతాళి ఈ రెంటికీ మధ్యన ఉంటుంది. అందులో జాతి ప్రస్తావన లేకపోయినా ఒక దేశపు దేశవాళీ క్రికెట్ మొత్తాన్ని చులకన చేసింది కనుక దానిమీద కూడా ఫిర్యాదు చేయవచ్చునని నేననుకుంటాను.

ఫిర్యాదులో ఛానల్, మ్యాచ్, తేదీ, ఓవర్ రాయాలి. ఒకే మ్యాచ్‌కు తెలుగు, హిందీ, ఇంగ్లిష్ వ్యాఖ్యానాలు వేర్వేరుగా వస్తాయి కాబట్టి ఏ భాషలో విన్నారో తప్పక చెప్పాలి. అన్న మాటను అన్నట్టే రాసి, అభ్యంతరమేమిటో, ఏం చేయమని కోరుతున్నారో రెండు మూడు వాక్యాల్లో వివరిస్తే చాలు. 2024 బ్రిస్బేన్ టెస్టులో బుమ్రాను ‘ప్రైమేట్’ (కోతుల వర్గపు జీవి) అన్నందుకు వ్యాఖ్యాత ఈసా గుహ మర్నాడే ప్రసారంలో క్షమాపణ చెప్పారు. అటువంటి క్షమాపణనే కోరండి.

2021లో సవరించిన కేబుల్ టెలివిజన్ నిబంధనల ప్రకారం లిఖితపూర్వక ఫిర్యాదు నేరుగా ప్రసార సంస్థకే పంపాలి. ఆ సంస్థ 24 గంటల్లో రసీదు ఇచ్చి, 15 రోజుల్లో పరిష్కరించాలి. జవాబు తృప్తికరంగా లేకుంటే మరో 15 రోజుల్లోగా, ఆ ఛానల్ సభ్యత్వం ఉన్న స్వీయ నియంత్రణ సంస్థకు (ప్రసార సంస్థలు తమ కార్యక్రమాలపై ఫిర్యాదులు వినడానికి తామే ఏర్పాటు చేసుకున్న సంఘానికి) అప్పీలు చేసుకోవచ్చు. అప్పుడు మొదటి రసీదును, వచ్చిన జవాబును జతచేయాలి.