తేనెపెట్టెకి చీమ ఎక్కకుండా

పోయిన శ్రావణంలో ఒక పొద్దున తోటకి వెళ్ళేసరికి మూడో పెట్టె ఖాళీ. ముందురోజు సాయంత్రం తేనెటీగలు పెట్టె వాకిట్లో గుంపుగా చేరి రెక్కలాడిస్తుంటే ఉక్కపోతకనుకున్నాను. మూత తీస్తే పట్టులో గుడ్డు లేదు, పురుగు లేదు. చట్రాల మీద పొడుగుకాళ్ళ పసుపు చీమలు తిరుగుతున్నాయి. మనం పెంచే పుట్ట తేనెటీగ అంతే, చీమలు వదలకుండా వేధిస్తే తేనె, మైనం అన్నీ విడిచి లేచిపోతుంది.

ఈ చీమ గండుచీమలాంటిది కాదు. సన్నగా ఉండి, తిన్నగా నడవకుండా అటూ ఇటూ పరుగులు పెడుతుంది. పసుపు పిచ్చి చీమ అంటారు. కుట్టదు, ఫార్మిక్ ఆమ్లం చిమ్ముతుంది. 2022లో తమిళనాడులో దిండిగల్ జిల్లా కరంతమలై చుట్టుపక్కల రైతులు పశువులు కూడా నిలవలేకపోతున్నాయని మొరపెట్టుకున్నది దీని గురించే. ఒక్కో పుట్టలో రాణులు చాలా ఉంటాయి, పక్క పుట్టతో పోట్లాట ఉండదు. ఒక పుట్టలో వేడినీళ్ళు పోసినంత మాత్రాన పని తీరదు. పెట్టెకి దారి తెంపాలి.

మోకాలెత్తు ఇనప స్టాండు చేయించండి. నాలుగు కాళ్ళూ నాలుగు గిన్నెల్లో ఉండాలి. మొదట్లో నేను కొబ్బరిచిప్పలు పెట్టాను, అవి ఒరిగిపోయేవి. ఇప్పుడు వెడల్పాటి సిమెంటు గిన్నెలు వాడుతున్నాను. నీళ్ళు పోసి పైన రెండు చెంచాల పాత ఇంజినాయిలు వేస్తే దోమ పెరగదు, నీరు త్వరగా ఆరదు. అయితే నీళ్ళకొచ్చిన ఈగలు అందులో పడి చస్తాయి. అందుకే గిన్నె పైన కాలికి రేకు గొడుగు తొడగండి. ఈగలు తాగడానికి వేరే పళ్ళెంలో గులకరాళ్ళు వేసి మంచినీళ్ళు పెట్టండి.

నా పెట్టె పోయింది గిన్నె ఎండి కాదు. గాలికి వాలిన కొబ్బరి మట్ట ఒకటి మూతకి ఆనుకుంది, చీమలకి అదే వంతెన. గడ్డిపోచ చాలు, గిన్నెలో తేలే ఎండుటాకు చాలు. ఇప్పుడు చుట్టూ మూడడుగుల మేర గడ్డి చెక్కి ఉంచుతున్నాను, వానాకాలంలో రోజూ చూస్తున్నాను. ఈగలకి తిండిగా పంచదార పాకం పెడితే సాయంత్రమే, పెట్టె లోపలే. బొట్టు కింద పడితే వెంటనే తడిగుడ్డతో తుడవాలి.

చీమమందు పొడి పెట్టె దగ్గర చల్లొద్దు, ఈగలూ చస్తాయి. పసుపూ బూడిదా మంచు పడితే పనిచేయవు. పుట్టల్ని తగ్గించాలంటే లీటరు నీళ్ళలో 250 గ్రాముల పంచదార, 10 గ్రాముల బోరిక్ పౌడరు కలిపి దూదికి పట్టించి, మూతున్న డబ్బాలో పెట్టండి. డబ్బాకి చీమ పట్టేంత, ఈగ పట్టనంత బెజ్జాలు కొట్టి, పెట్టెలకి దూరంగా చీమల బారు మీద ఉంచండి. బోరిక్ ఎక్కువైతే చీమ దారిలోనే చస్తుంది, విషం రాణిదాకా చేరదు. పిల్లలకి అందనివ్వొద్దు. తోటలో పిండినల్లి ఉంటే దాన్నీ చూసుకోండి, అది విడిచే తీపి రసమే ఈ చీమలకి తిండి.

చీమలు అప్పటికే ఎక్కి ఉంటే చీకటిపడ్డాక అడుగుపలక మార్చి, చట్రాలు ఒక్కొక్కటీ మెత్తని బ్రష్షుతో దులిపి, పెట్టెని అదే చోట నిలపండి. కాస్త జరిపినా మేతకెళ్ళిన ఈగలు పాత చోటికే వస్తాయి. వాకిలి రెండు ఈగలు పట్టేంతకి తగ్గించండి. మూడు నాలుగు రోజుల్లో కాళ్ళకి పుప్పొడి ముద్దలతో ఈగలు లోపలికి పోతుంటే, రాణి మళ్ళీ గుడ్లు పెడుతున్నట్టే.