ఇంజిను ఊపిరి – నాలుగో పాఠం: లోపలికి వెళ్లే గాలి వేడిని కొలవడం

గత పాఠంలో ఎయిర్ ఫిల్టర్ డబ్బాకు తగిలించిన గొట్టం ఎక్కడి దాకా వెళ్తుందో చేత్తో తడుముతూ వెతకమని చెప్పాను. వెతికినవారు గమనించే ఉంటారు, చాలా కార్లలో ఆ గొట్టం నోరు ఇంజిను వైపు తెరుచుకుని ఉండదు. గ్రిల్ వెనుకనో, హెడ్‌లైట్ పక్కనో, ఫెండర్ (ముందు చక్రం మీది రేకు) లోపలి ఖాళీలోనో ఉంటుంది. కంపెనీవాళ్లు ఆ చోటును కావాలనే ఎంచుకున్నారు. ఇంజిను పక్కన మరుగుతున్న గాలి కాకుండా బయటి గాలి రావాలన్నది వారి ఉద్దేశం. అంటే ‘చల్లగాలి అమరిక’ అని విడిగా డబ్బుపెట్టి కొంటున్న సదుపాయం చాలా బళ్లకు పుట్టుకతోనే ఉంది. దాన్ని తీసేసి కొత్తది పెట్టేముందు, ఉన్నది ఎంత బాగా పనిచేస్తోందో కొలవడం రావాలి. ఈ రోజు నేర్చుకునే పని అదే.

మహారాష్ట్రలోని బల్లార్‌పూర్, రాజురా, చంద్రపూర్ చుట్టుపక్కల ఉండే మనకు ఈ విద్య మరీ అవసరం. మే నెలలో నీడలోనే 45 డిగ్రీలు దాటే ఊళ్లు మనవి. చల్లటి ఊళ్లో ఎవరో బాగుందని చెప్పిన అమరిక ఇక్కడి ఎండలో, బొగ్గు లారీల దుమ్ములో అలాగే పనిచేస్తుందని నమ్మడానికి వీల్లేదు.

ముందుగా లెక్క. భయపడకండి, ఒక్క భాగహారమే. సిలిండర్ ఎప్పుడూ ఒకే పరిమాణంలో గాలి తీసుకుంటుంది. గాలి వేడెక్కితే వ్యాకోచిస్తుంది కాబట్టి అదే చోటులో తక్కువ బరువు గాలి పడుతుంది. పెట్రోలు మండటానికి కావలసింది గాలి బరువే, పరిమాణం కాదు. ఒక గ్రాము పెట్రోలు పూర్తిగా మండాలంటే సుమారు 14.7 గ్రాముల గాలి కావాలి. గాలి బరువు ఎంత తగ్గిందో తెలియాలంటే సెల్సియస్ డిగ్రీలకు 273 కలిపి, చల్లటి అంకెను వేడి అంకెతో భాగించండి. 25 డిగ్రీలు 298 అవుతుంది, 45 డిగ్రీలు 318. 298ని 318తో భాగిస్తే 0.937. అంటే గాలి ఆరు శాతానికి పైగా పలచబడింది. సముద్రమట్టం దగ్గర ఘనపు మీటరు పొడిగాలి 25 డిగ్రీల వద్ద సుమారు 1.18 కిలోలు తూగుతుంది, 45 వద్ద 1.11, 70 వద్ద 1.03. పది డిగ్రీలకు మూడు శాతం అని గుర్తుపెట్టుకుంటే షెడ్డులో పని జరిగిపోతుంది.

అయితే శక్తి కూడా అంతే శాతం పడిపోతుందనుకోకండి. చల్లగా వచ్చిన గాలి కూడా సిలిండర్ గోడలు తగలగానే కొంత వేడెక్కుతుంది కాబట్టి తేడా కాస్త సర్దుకుంటుంది. ఇంజిన్లను పరీక్షించేవారు టర్బో (గాలిని నొక్కి ఇంజిన్‌లోకి పంపే పరికరం) లేని పెట్రోలు ఇంజిన్‌కు ఈ ఉష్ణోగ్రతల నిష్పత్తిని 0.6 ఘాతానికి హెచ్చించి వాడతారు. గాలి పదిశాతం పలచబడితే శక్తి ఆరు శాతం చొప్పున తగ్గుతుందని స్థూలంగా చెప్పుకోవచ్చు. దీనికి తోడు ఇంకో నష్టం ఉంది. వేడి గాలితో నిండిన సిలిండర్‌లో నాకింగ్, అంటే పెట్రోలు అదుపు తప్పి తనంతట తానే మండి టకటకలాడటం, త్వరగా వస్తుంది. ఆ భయంతో ఈసీయూ (ఇంజిన్‌ను నడిపించే కంప్యూటర్) స్పార్క్‌ను కొంచెం ఆలస్యంగా వేస్తుంది. మన ఎండల్లో బండి బరువెక్కినట్టు అనిపించడానికి ఈ ఆలస్యం కూడా ఒక కారణం.

గత వేసవిలో సిరొంచ నుంచి ఒక కుర్రవాడు కారు తెచ్చాడు. ఫిల్టర్ డబ్బా మొత్తం తీసేసి, ఇంజిను పక్కనే శంకువు ఆకారపు ఫిల్టర్ బిగించి ఉంది. చుట్టూ ఏ మూతా లేదు.

“అన్నా, బండి గర్జన మామూలుగా లేదు, బలం బాగా పెరిగింది. కానీ రైల్వే గేటు ఎత్తాక మాత్రం ముందుకు లేవడం లేదు” అన్నాడు.

“బలం పెరిగిందని నీకెలా తెలిసింది తమ్ముడూ?”

“శబ్దం వింటుంటే తెలుస్తుంది కదన్నా.”

అతని తప్పేమీ లేదు. అందరం మొదట చెవినే నమ్ముతాం. కంపెనీ డబ్బాలో గాలి చప్పుడును మింగే గదులు ఉంటాయి. అవి పోగానే ఇంజిను పీల్చే శబ్దం మొత్తం మన చెవిలో పడుతుంది. బలం సంగతి మాత్రం అంకెలే చెప్పాలి. బయట 42 డిగ్రీలున్న ఆ మధ్యాహ్నం మేమిద్దరం కొలిచాం. గంటకు 60 కిలోమీటర్ల వేగంలో, లోపలికి వెళ్లే గాలి వేడిని కొలిచే సెన్సర్ 51 చూపింది. పది నిమిషాలు ఇంజిను ఆపకుండా నిలబెడితే 73కి చేరింది. అతని డిక్కీలోనే ఉన్న పాత డబ్బా తిరిగి బిగించి అదే దారిలో వెళ్తే 48, నిలబెడితే 59. నడుస్తున్నప్పుడు తేడా మూడు డిగ్రీలు, నిలబడ్డప్పుడు పద్నాలుగు. గేటు ఎత్తగానే బండి ఎందుకు మొరాయించిందో అతనికి వేరే చెప్పనక్కర్లేకపోయింది.

ఇప్పుడు మీరు కొలిచే పద్ధతి చెబుతాను. 2013 తర్వాత మన దేశంలో అమ్మిన చాలా కార్లలో స్టీరింగ్ కింద పదహారు పిన్నుల ఓబీడీ సాకెట్ (బండి కంప్యూటర్‌లోని అంకెలు చదివే చోటు) ఉంటుంది. దానికి బిగించే చిన్న బ్లూటూత్ పరికరం, ఫోనులో ఒక యాప్ ఉంటే చాలు. యాప్‌లో ‘ఇన్‌టేక్ ఎయిర్ టెంపరేచర్’ అనే అంకెను తెరమీదకి తెచ్చుకోండి. దానితో పాటు పొడవైన తీగ చివర మొన ఉండే డిజిటల్ థర్మామీటర్ ఒకటి కావాలి. మొనను గాలి గొట్టం నోటి దగ్గర, లోహం తగలకుండా, టేపుతో కట్టండి. తీగ ఫ్యాన్‌కు, బెల్టుకు దూరంగా ఉందో లేదో రెండుసార్లు చూసుకోండి.

ఈ రెండో థర్మామీటర్ ఎందుకంటే, సెన్సర్ అన్ని బళ్లలోనూ ఒకే చోట ఉండదు. కొన్నింటిలో ఫిల్టర్ దాటగానే ఉంటుంది. మన చిన్న పెట్రోలు కార్లు చాలావాటిలో థ్రాటిల్ (యాక్సిలరేటర్ తొక్కితే తెరుచుకునే గాలి తలుపు) దాటాక, సిలిండర్లకు గాలి పంచే మేనిఫోల్డ్ మీద, పీడనం కొలిచే సెన్సర్‌తో కలిసి ఒకే ముక్కగా ఉంటుంది. అక్కడ ఇంజిను వేడి కూడా దానికి తగులుతుంది కాబట్టి, గొట్టం నోటి దగ్గర గాలి చల్లగానే ఉన్నా అంకె ఎక్కువ చూపవచ్చు. నోటి దగ్గర ఒక అంకె, సెన్సర్ దగ్గర ఒక అంకె తెలిస్తే వేడి ఎక్కడ కలుస్తోందో పట్టుకోవచ్చు.

సెన్సర్ నిజం చెబుతోందో లేదో తేల్చుకోకుండా మొదలుపెట్టకండి. రాత్రంతా ఆపి ఉంచిన బండిలో తెల్లవారుజామున, ఇంజిను స్టార్ట్ చేయకుండా తాళం మాత్రమే తిప్పి చూడండి. గాలి ఉష్ణోగ్రత, కూలెంట్ (ఇంజిన్‌ను చల్లబరిచే ద్రవం) ఉష్ణోగ్రత, బయటి థర్మామీటర్ మూడూ రెండు మూడు డిగ్రీల తేడాలో కలవాలి. తెరమీద మైనస్ 40 కనిపిస్తే, చాలా బళ్లలో తీగ తెగిందనో కనెక్టర్ ఊడిందనో అర్థం. ఈ సెన్సర్ వేడెక్కేకొద్దీ విద్యుత్ నిరోధం తగ్గే రకం. తీగ తెగితే నిరోధం అనంతమవుతుంది, ఈసీయూ దాన్ని గడ్డకట్టే చలిగా లెక్కవేస్తుంది.

తర్వాత మూడు స్థితుల్లో రాసుకోండి. ఖాళీ రోడ్డు మీద ఒకే వేగంతో ఐదు నిమిషాలు నడిపాక ఒకటి. నిలబడి పది నిమిషాలు ఐడిల్‌లో ఉంచాక ఒకటి. ఇంజిను ఆపి పావుగంట తర్వాత మళ్లీ స్టార్ట్ చేసి ఒకటి. మూడోది చాలా ఎక్కువగా వస్తుంది, కంగారుపడకండి. ఆగిన ఇంజిను వేడి బానెట్ కింద నిండిపోవడం వల్ల అలా అవుతుంది. కదిలాక ఎన్ని నిమిషాల్లో దిగిందో చూడటమే అక్కడ ముఖ్యం. ప్రతిసారీ బయటి ఉష్ణోగ్రతను పక్కనే రాసి, తేడా వేయండి. నా అనుభవంలో రోడ్డు మీద తేడా పది డిగ్రీల లోపు ఉంటే ఆ గాలి దారిని ముట్టుకోవలసిన పని లేదు. పదిహేను దాటితే గొట్టం ఊడిందా, డబ్బా రబ్బరు చిరిగిందా, రేడియేటర్ పక్కన ఉండాల్సిన అట్ట ముక్క పోయిందా అని వెతకండి. సర్వీసింగ్‌కు విప్పినప్పుడు తిరిగి బిగించకుండా వదిలేసిన గొట్టం ముక్కలు ఎన్నో చూశాను.

గొట్టం లోహానిదా, ప్లాస్టిక్‌దా అన్న వాదన కూడా ఇక్కడే తేల్చుకుందాం. 1200 సీసీ ఇంజిను నిమిషానికి 3000 చుట్ల దగ్గర, యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కినప్పుడు, సెకనుకు సుమారు 25 లీటర్ల గాలి పీలుస్తుంది. అర మీటరు పొడవు, 60 మిల్లీమీటర్ల వెడల్పు ఉన్న గొట్టంలో పట్టేది లీటరున్నర లోపే. అంటే గాలి అందులో ఉండేది సెకనులో పదిహేనో వంతు కూడా కాదు. అంత తొందరలో గొట్టం గోడ దాన్ని పెద్దగా వేడిచేయలేదు. ఐడిల్‌లో గాలి పది రెట్లు నెమ్మదిగా కదులుతుంది కనుక లోహపు గొట్టం తేడా అక్కడ కనిపిస్తుంది. గొట్టం దేనితో చేశారన్నదానికంటే దాని నోరు ఎక్కడ ఉందన్నదే ఎక్కువ లెక్కకు వస్తుంది.

మైలేజీ గురించి చాలామంది అడుగుతారు. చల్లగాలితో మైలేజీ పెరుగుతుందని హామీ ఇచ్చేవారిని నమ్మవద్దు. మామూలు నడకలో థ్రాటిల్ సగం కూడా తెరుచుకోదు. గాలి కాస్త పలచగా ఉంటే మనం తెలియకుండానే ఇంకొంచెం తొక్కుతాం, అంతే. పూర్తి బలం అవసరమైనప్పుడే తేడా బయటపడుతుంది.

ఇక గొట్టం నోటిని బంపర్ కిందికి దించే పని. అక్కడ గాలి చల్లగా ఉంటుంది, నిజమే. కానీ వానాకాలంలో బల్లార్‌పూర్, రాజురా మధ్య వర్ధా నది పొంగితే రోడ్ల మీద నీళ్లు ఎలా నిలుస్తాయో మీకు తెలుసు. గొట్టం నీళ్లు పీల్చిందంటే ఆ నీరు సిలిండర్‌లో చేరుతుంది. గాలిలా నీరు నలగదు. పిస్టన్ పైకి రాలేక కనెక్టింగ్ రాడ్ వంగిపోతుంది. రెండు మూడు డిగ్రీల చల్లదనం కోసం ఇంజిన్‌ను పణంగా పెట్టడాన్ని నేను ఒప్పుకోను, నా షెడ్డులో ఆ పని చేయను. నూనె పూసిన గుడ్డ ఫిల్టర్ల విషయంలోనూ జాగ్రత్త అవసరం. నూనె ఎక్కువైతే గాలిని కొలిచే వేడి తీగ సెన్సర్ మీద పేరుకుంటుంది. బొగ్గు రోడ్ల మీద తిరిగే బండికి కాగితపు ఫిల్టరే పెట్టి, పుస్తకంలో రాసిన గడువుకంటే ముందే మార్చండి.

వచ్చే పాఠానికి ముందు ఆ మూడు కొలతలనూ ఒకసారి ఉదయం, ఒకసారి మిట్టమధ్యాహ్నం తీసి నోటుబుక్కులో రాసి ఉంచండి. డీజిల్ టర్బో బండి ఉన్నవారికి ఇంకో పని కూడా ఉంది. చాలా బళ్లలో ముందు బంపర్ వెనుక ఉండే ఇంటర్‌కూలర్ (టర్బో వేడెక్కించిన గాలిని చల్లబరిచే జల్లెడ) వెనుక నుంచి టార్చి వేసి, రెక్కల సందుల్లోంచి వెలుగు ఎంత భాగం ఇవతలికి వస్తోందో చూడండి. టర్బో గాలిని వంద డిగ్రీలకు పైగా వేడిచేయగలదు. ఆ రెక్కల మీదే ఐదో పాఠం మొదలుపెడతాం.