ఆవిరి టర్బైన్‌లో థ్రస్ట్ బేరింగ్ వేడెక్కితే కారణం ఎక్కడ వెతకాలి

చెన్నైకి ఉత్తరాన గుమ్మిడిపూండి వైపు కర్మాగారాల పవర్‌హౌస్‌లలో, తడ, సూళ్లూరుపేట నుంచి రోజూ లోకల్ రైల్లో వచ్చి పనిచేసే తెలుగువారు చాలామందే ఉన్నారు. రాత్రి షిఫ్టులో వారి నుంచి నాకు తరచుగా వచ్చే ప్రశ్న ఒకటే: "సార్, థ్రస్ట్ ప్యాడ్ టెంపరేచర్ పెరుగుతోంది, మెషిన్ ఆపమంటారా?" ఆవిరి తోపుకు రోటర్ (టర్బైన్‌లో తిరిగే భాగం) అక్షం వెంట జరిగిపోకుండా ఆపేది థ్రస్ట్ బేరింగ్, అందులో ఆ తోపును మోసే పలకలే ప్యాడ్లు. ఉష్ణోగ్రత ఒక్కటే చూసి దీనికి జవాబు చెప్పలేము. రోటర్ అక్షం వెంట ఎటు జరిగిందో, లోడ్ ఎంత ఉందో కూడా పక్కనే పెట్టుకుని చూడాలి.

ఉష్ణోగ్రత పెరిగింది, రోటర్ జరగలేదు

ఇలాంటప్పుడు ముందుగా నూనెను అనుమానించాలి. మే నెలలో ఇక్కడి కూలింగ్ టవర్ నీరే 33, 34 డిగ్రీలకు చేరుతుంది కాబట్టి, కూలర్ గొట్టాలలో కొంచెం మడ్డి పేరుకున్నా బేరింగ్‌కు వెళ్లే నూనె 50 డిగ్రీలు దాటిపోతుంది. అందుచేత ప్యాడ్ ఉష్ణోగ్రతను విడిగా కాక, లోపలికి వెళ్లే నూనెతో దానికున్న తేడాను రాసిపెట్టుకోవాలి. ఆ తేడా మారకపోతే కూలర్ శుభ్రం చేస్తే చాలు. తేడా పెరిగితే నూనె పీడనం, ఫిల్టర్, ఆరిఫైస్ (నూనె ప్రవాహాన్ని అదుపుచేసే సన్నని రంధ్రం) చూడాలి. బయటికి వచ్చే నూనె వేడిని మాత్రం నమ్ముకోవద్దు. ప్యాడ్ల మధ్య నుంచి వచ్చే చల్లని నూనె అందులో కలిసిపోవడం వల్ల, ప్యాడ్ కాలిపోతున్నా ఆ అంకె పెద్దగా కదలదు.

ఒక్క ప్యాడ్ రీడింగ్ మాత్రమే ఉన్నట్టుండి ఎగిరి దిగుతుంటే ఆర్‌టీడీ (ప్యాడ్ వేడిని కొలిచే సెన్సర్) వైరును చూడాలి. ఒకే ప్యాడ్ నిలకడగా వేడిగా ఉంటే ప్యాడ్ల కింద ఉండే లెవెలింగ్ ప్లేట్లు అరిగి, భారం సమంగా పంచుకోవడం లేదని అర్థం.

ఉష్ణోగ్రత పెరిగింది, రోటర్ యాక్టివ్ వైపు జరిగింది

యాక్టివ్ వైపు అంటే మామూలుగా తోపును మోసే ప్యాడ్ల వైపు. ప్రమాదకరమైన లక్షణం ఇదే. ఇక్కడే మనం రోగం ఒకటైతే మందు మరొకటి వేస్తాము. మా యూనిట్‌లో ఒకప్పుడు ప్యాడ్లు మార్చి నడిపిన మూడు నెలలకే కొత్త ప్యాడ్లూ చెడిపోయాయి. అసలు దోషం బ్లేడ్ల మీద ఉంది. బాయిలర్ నుంచి ఆవిరితో కొట్టుకొచ్చిన సిలికా, లవణాలు బ్లేడ్ల మీద పేరుకుంటే ఆవిరి దారి ఇరుకై, ఒక్కొక్క దశలో పీడనాల తేడా మారి, రోటర్ మీద తోపు పెరుగుతుంది. ఆవిరి ప్రవాహం మారకుండానే వీల్ ఛాంబర్ (మొదటి దశ చక్రం దాటాక ఉండే గది) పీడనం నెలనెలా పెరుగుతూ ఉంటే అదే సాక్ష్యం. నీటిలో కరిగే లవణాలను తయారీదారు పద్ధతి ప్రకారం తక్కువ వేగంలో తడి ఆవిరితో కడగవచ్చు. సిలికా అలా పోదు, కేసింగ్ విప్పాల్సిందే. తోపును కొంత ఎదురు నెట్టే బ్యాలెన్స్ పిస్టన్ లాబిరింత్ (ఆవిరి సీలు) అరిగినా ఇదే లక్షణం కనిపిస్తుంది.

లోడ్ మార్చినప్పుడల్లా రోటర్ మెల్లగా కాక కుదుపులుగా జరుగుతుంటే రెండు షాఫ్టులను పళ్లతో కలిపే గేర్ కప్లింగ్ బిగుసుకుందేమో చూడాలి. పళ్ల మీద గాడులు పడి గ్రీజు ఎండిపోయి ఉంటే కప్లింగ్ మార్చాలి.

రోటర్ జరిగినట్టు చూపిస్తోంది, ఉష్ణోగ్రత మారలేదు

ఇది చాలావరకు ప్రోబ్ (రోటర్ స్థానాన్ని కొలిచే సెన్సర్) బ్రాకెట్ వదులు కావడమో, జీరో తప్పుగా పెట్టడమో అవుతుంది. అయినా రెండో ప్రోబ్‌తో పోల్చకుండా ట్రిప్‌ను (మెషిన్‌ను తనంతట తానే ఆపే రక్షణను) బైపాస్ చేయకూడదు.

విప్పిన తరువాత

ప్యాడ్‌ను టార్చి వెలుగులో ఏటవాలుగా పట్టుకుని చూడాలి. బాబిట్ (ప్యాడ్ మీది మెత్తని లోహపు పూత) తుడిచిపెట్టినట్టు ఒక అంచుకు జరిగి ఉంటే భారం ఎక్కువైందనో, నూనె అందలేదనో అర్థం. ఇసుక కొట్టినట్టు మసకగా, సన్నని గుంటలతో ఉంటే షాఫ్ట్ మీద చేరిన విద్యుత్తు నూనె పొరను చీల్చుకుని వెళ్లింది. ఆ విద్యుత్తును నేలకు పంపే ఎర్తింగ్ బ్రష్‌ను బాగుచేయకుండా కొత్త ప్యాడ్లు వేసినా మళ్లీ అదే గతి. నల్లటి గట్టి పెచ్చు కట్టి ఉంటే నూనెలో నీరు చేరింది. సముద్రపు గాలి ఉండే ఎన్నూరు వైపు ప్లాంట్లలో గ్లాండ్ (షాఫ్ట్ సీలు) ఆవిరి లీకేజీతో పాటు నూనె ట్యాంకుకు గాలి ఆడే బ్రీదర్‌నూ తప్పక చూడాలి.

బిగించేటప్పుడు పై సగం కేసింగ్ బోల్టులు పూర్తిగా బిగించాకే రోటర్‌ను రెండు వైపులా నెట్టి డయల్ గేజ్‌తో ఫ్లోట్ (రోటర్ అటూ ఇటూ జరగగల దూరం) కొలవాలి. మధ్యస్థ టర్బైన్లలో అది సుమారు 0.25 నుంచి 0.40 మిల్లీమీటర్లు ఉంటుంది. మీ మాన్యువల్‌లోని అంకె వేరైతే దానినే పాటించాలి. ఆ కొలతల మధ్యబిందువునే ప్రోబ్ జీరోగా పెట్టారా, ఒక వైపుకు నెట్టి ఉంచిన స్థానాన్ని పెట్టారా అన్నది లాగ్‌బుక్‌లో అదే రోజు రాయాలి.