రెండర్ కంటే ముందు నీడను నేర్పండి

ఆర్కిటెక్చర్ విద్యార్థులకు విజువలైజేషన్, అంటే కట్టబోయే భవనాన్ని కంప్యూటర్‌లో నిజంలా కనిపించే బొమ్మగా (రెండర్‌గా) చూపడం, నేర్పేటప్పుడు మొదటి రోజే కంప్యూటర్లు తెరిపించవద్దు. నేటి సాఫ్ట్‌వేర్లు ఎంత బలహీనమైన డిజైన్‌నైనా నిమిషాల్లో మెరిపించగలవు కనుక, బొమ్మలో ఉన్నది నిజమో కాదో పట్టుకునే కన్ను విద్యార్థికి ముందే ఏర్పడాలి.

ఎండ పడే ఆవరణలో మీటరు కర్రను నిలువుగా పాతించి, ఉదయం 9 గంటలకు, మధ్యాహ్నం 12.15కు, సాయంత్రం 4 గంటలకు నీడ కొసను సుద్దతో గుర్తించి, టేపుతో కొలిపించండి. 12.15 ఎందుకంటే, హైదరాబాద్‌లో డిసెంబరు చివర సూర్యుడు అత్యంత ఎత్తుకు చేరేది దాదాపు అప్పుడే. తరువాత అదే కర్రను స్కెచప్, బ్లెండర్ వంటి త్రీడీ సాఫ్ట్‌వేర్‌లో గీయించి, అదే తేదీ, అదే సమయం పెట్టి, రెండు నీడలనూ పోల్చమనండి. చాలామందికి అవి కలవవు, ఎందుకంటే ఊరి అక్షాంశ రేఖాంశాలు మార్చడం మరచిపోయి ఉంటారు. ఈ పొరపాటు చిన్నది కాదు: డిసెంబరు 21 మధ్యాహ్నం మూడు మీటర్ల గోడ నీడ హైదరాబాద్‌లో సుమారు 2.6 మీటర్లుంటే, 40 డిగ్రీల ఉత్తర అక్షాంశంలో దాదాపు 6 మీటర్లు ఉంటుంది. ఒకసారి ఒక విద్యార్థి జూన్ 21 మిట్టమధ్యాహ్నం దక్షిణపు గోడ మీద ఎండ కాస్తున్నట్టు ఎంతో అందమైన బొమ్మ తెచ్చాడు. ఆ రోజు హైదరాబాద్‌లో సూర్యుడు నడినెత్తికి ఆరు డిగ్రీలు ఉత్తరంగా ఉంటాడు కాబట్టి, ఆ గోడకు ఆ వేళ ఎండే తగలదు. అతని సన్‌షేడ్ లెక్క మొత్తం ఆ తప్పుడు వెలుగు మీదే ఆధారపడి ఉంది.

నీడ కుదిరాక, మోడల్‌ను కొంతకాలం బూడిద రంగులోనే ఉంచి, గదుల కొలతలూ కిటికీల వెలుగూ బాగున్నాయో లేదో చర్చించండి. మెటీరియల్స్‌ను, అంటే రాయి, చెక్క వంటి ఉపరితలాలను, ఒక్కొక్కటిగా, అసలు కొలతలతో మాత్రమే చేర్చనివ్వండి. రెండడుగుల తాండూరు బండ తెరపై నాలుగడుగులైతే వరండా మొత్తం బొమ్మరిల్లులా చిన్నదైపోతుంది.

కెమెరాను నిలుచున్న మనిషి కంటి ఎత్తున, అంటే సుమారు 1.6 మీటర్ల వద్ద, అరుగు మీద కూర్చునే చోటైతే ఇంకా కిందికి పెట్టించండి. మరీ వెడల్పాటి లెన్స్ వాడితే పదడుగుల గది కల్యాణమండపంలా కనిపిస్తుంది కనుక, దాన్ని అనుమతించకపోవడమే న్యాయమని నా అభిప్రాయం.

కృత్రిమ మేధతో బొమ్మలు చేయించడాన్ని నిషేధించనక్కరలేదు. అయితే జ్యూరీలో, అంటే విద్యార్థుల పనిని పరీక్షించి మార్కులు వేసే సమావేశంలో, ప్రతి బొమ్మ పక్కన ప్లానునూ సెక్షన్‌నూ (భవనాన్ని నిలువుగా కోసినట్టు ఎత్తులు చూపే గీతచిత్రాన్ని) పెట్టించి, బొమ్మలో కనిపించే ఒక కిటికీని చూపి, దాని అడుగు అంచు నేల నుంచి ఎంత ఎత్తులో ఉందో అడగండి. విద్యార్థి సెక్షన్ వైపు చూసి కొలత చెప్పగలిగితేనే ఆ బొమ్మకు మార్కులు వేయండి.