ఏఏ (ఆల్కహాలిక్స్ అనానిమస్) మీటింగుకు మొదటిసారి వెళ్లేవారికి

తాగుడు మానాలనుకునేవారు ఒకరికొకరు తోడుండే సంఘమే ఏఏ. రోజూ బాగా తాగేవారు ముందు డాక్టర్‌ను కలవాలి. ఒక్కసారిగా ఆపేస్తే రెండు రోజుల్లోపే ఫిట్స్ రావచ్చు, ఆపై మతి తప్పవచ్చు. అది ప్రాణాపాయం, మీటింగుతో తీరదు.

1935లో అమెరికాలో మొదలైన ఆల్కహాలిక్స్ అనానిమస్ మీటింగులు హైదరాబాద్, విశాఖపట్నంలోనూ జరుగుతాయి. చిరునామాలు ఏఏ వెబ్‌సైట్లో ఉంటాయి. దగ్గర్లో డీఅడిక్షన్ (తాగుడు మాన్పించే) కేంద్రం కావాలంటే ప్రభుత్వ ఉచిత హెల్ప్‌లైన్ 14446.

మీటింగుకు బయలుదేరే ముందు ఆ గ్రూపుకు ఫోన్ చేయండి. పాత జాబితా నమ్మి వెళ్తే తాళం కనిపించవచ్చు. తెలుగులో మాట్లాడతారా, ఓపెన్ మీటింగా క్లోజ్డ్ మీటింగా అడగండి. క్లోజ్డ్ మీటింగుకు తాగుడు మానాలనుకునేవారే రావాలి; ఓపెన్ మీటింగుకు భార్య, అన్న, స్నేహితుడు ఎవరైనా తోడు రావచ్చు.

ఫీజు లేదు. చివర్లో విరాళం అడిగినా కొత్తవారు ఇవ్వనక్కర్లేదు. ఇంటిపేరు చెప్పక్కర్లేదు. మీరు మాట్లాడే వంతు వస్తే "ఈరోజు వింటాను" అంటే చాలు. ఒకరు చెబుతుంటే మధ్యలో సలహాలివ్వకండి.

చాలామంది ఒక్క మీటింగు నచ్చక మానేస్తారు, అది తొందరపాటే. ఒక్కో గ్రూపు తీరు ఒక్కోలా ఉంటుంది, కనీసం మూడు నాలుగు చూడండి. అయిపోగానే వెళ్లిపోకుండా పాత సభ్యుల నంబర్లు అడిగి తీసుకోండి. తాగాలనిపించినప్పుడు, మొదటి గ్లాసు ఎత్తకముందే వాళ్లకు ఫోన్ చేయాలి. మళ్లీ తాగినా రావచ్చు, ఎవరూ వెలివేయరు. తాగేవారి ఇంట్లోవాళ్లకు అల్-అనాన్ అనే సంఘం వేరుగా ఉంది.