కేంద్ర మంత్రి రాజకీయ జీవితం రాయబోయే పిల్లలకు

మా కోనసీమ బడుల్లో "మన ప్రాంతం నుంచి కేంద్ర మంత్రులు" అనే ప్రాజెక్టును సోషల్ మాస్టారిగా చాలా ఏళ్లు దిద్దాను. అన్నిట్లోనూ పుట్టిన ఊరు, పార్టీ, ప్రమాణ స్వీకారం ఫొటో, నాలుగు పొగడ్తలు. ఢిల్లీలో ఆయన చేసిన పనేమిటో మాత్రం ఎక్కడా కనపడదు. మీరు రాయాల్సింది ఆ పని గురించే.

ముందు పదవి సరిగ్గా రాయండి. పేపర్లు అందరినీ కేంద్ర మంత్రి అనేస్తాయి కానీ కేబినెట్ మంత్రి వేరు, స్వతంత్ర హోదా సహాయ మంత్రి వేరు, మామూలు సహాయ మంత్రి వేరు. స్వతంత్ర హోదా ఉన్నవారికి ఆ శాఖలో పైన కేబినెట్ మంత్రి ఉండరు. బాలయోగి గారిని కూడా చాలామంది ఈ జాబితాలో కలిపేస్తారు. ఆయన 1998 నుంచి 2002లో హెలికాప్టర్ ప్రమాదంలో పోయేదాకా లోక్‌సభ స్పీకర్. స్పీకర్ మంత్రివర్గంలో ఉండరు. ఆ కుర్చీ గొప్పతనం వేరు, దానికి విడిగా ప్రాజెక్టు రాయండి.

తర్వాత శాఖలూ తేదీలూ ఒక పట్టికగా వేసుకోండి. కాకినాడ మాజీ ఎంపీ పళ్లంరాజు గారినే చూడండి. 1989లో తొలిసారి గెలిచారు, మళ్లీ 2004, 2009లో. 2006 నుంచి రక్షణ శాఖ సహాయ మంత్రి. 2012 అక్టోబరులో కేబినెట్ హోదాతో మానవ వనరుల శాఖ (ఇప్పటి విద్యా శాఖ) వచ్చింది, 2014 మేలో ప్రభుత్వం దిగిపోయింది. అంటే కేబినెట్‌లో ఉన్నది ఏడాదిన్నర పైచిలుకు, రక్షణలో ఆరేళ్లకు పైనే. మరి మీ పేజీలు దేనికి ఎక్కువ పోవాలి? మొగల్తూరు కృష్ణంరాజు గారు 2000 నుంచి 2004 లోపు సహాయ మంత్రిగా విదేశాంగం, రక్షణ, వినియోగదారుల వ్యవహారాలు, గ్రామీణాభివృద్ధి చూశారు. ఒక్కో శాఖలో ఆయనకు ఎంత సమయం దొరికిందో లెక్కేసి మరీ రాయండి. పదవి లేని ఏళ్లు కూడా వదలొద్దు.

అసలు సరుకు పార్లమెంటు వెబ్‌సైట్‌లో ఉంటుంది. మంత్రి పేరు, శాఖ పట్టుకుని ప్రశ్నోత్తరాలు వెతకండి. నక్షత్రం గుర్తు లేని ప్రశ్నకు రాతపూర్వక జవాబుతో సరి. గుర్తు ఉన్నదానికి మంత్రి సభలో లేచి చెప్పాలి, దాని మీద సభ్యులు అనుబంధ ప్రశ్నలు వేస్తారు. రాసిన జవాబు అధికారులు తయారుచేసి ఇస్తారు. అనుబంధ ప్రశ్న వచ్చినప్పుడే శాఖ మీద ఆ మంత్రికి ఎంత పట్టుందో బయటపడుతుంది. నా మాట విని ఒక్క చర్చయినా మొదటి నుంచి చివరిదాకా చదవండి. పది అభినందన వ్యాసాల కన్నా అది నయం.

ఇక "ఫలానా పని ఆయనే తెచ్చాడు" అన్న మాట దగ్గర జాగ్రత్త. కోటిపల్లి–నరసాపురం రైల్వే లైను చూడండి. దాదాపు 57 కిలోమీటర్లు, గౌతమి, వైనతేయ, వశిష్ఠ మూడు గోదావరి పాయలూ దాటాలి. 2000-01 బడ్జెట్‌లో మంజూరైంది. ఆ తర్వాత ఎన్ని ఎన్నికలు వచ్చాయో అంతమంది దాన్ని తమ ఖాతాలో వేసుకున్నారు. రైల్వే పింక్ బుక్‌లో ఒక్కో పనికి ఏ ఏడాది ఎంత కేటాయించారో ఉంటుంది. ఆ అంకె పక్కన మీ మంత్రి పదవీకాలం పెట్టి చూడండి. పేరు ఎవరికి దక్కాలో అప్పుడు రాయండి, ఒకరికే దక్కకపోతే ఆ సంగతీ రాయండి.

చివరగా ఊళ్లో వినతిపత్రాలు పట్టుకుని ఢిల్లీ వెళ్లొచ్చిన పెద్దవాళ్లను కలవండి. "ఆయన ఎలాంటి వారండీ?" అని అడిగితే అందరూ మంచివారే అంటారు. "మీరేం అడిగారు, ఎవరు కలిశారు, జవాబు ఎప్పుడొచ్చిందండీ?" అని అడగండి. మంత్రి ఆఫీసు నుంచి వచ్చిన ఉత్తరం చాలామంది బీరువాలో దాచుకునే ఉంటారు. దాని మీద తేదీ, ఫైలు నంబరు, సంతకం ఎవరిదో చూసి రాసుకోండి. ఫోన్లో ఫొటో తీసుకుని, కాగితం వాళ్ల చేతికే తిరిగిచ్చేయండి.